మమకారం చుక్కలు

ఈ రోజుల్లో పెళ్లిచూపులంటే ఫలహారాలకు ముందే అందరి ముక్కుల్లోనూ మమకారం చుక్కలు పడాలి. చుక్క తాళంచెవిలా వెళ్లి మెదడులో తన తాళంకప్పను తిప్పగానే, ఎదుటివాళ్లు ఎవరైనా సొంతవాళ్లయిపోతారు. అబ్బాయి నిజంగా నచ్చుతాడో లేదో తేలాలని మా అమ్మాయి హిమజ ముందే అడ్డుమాత్ర మింగింది. అది తాళంకప్పలో దూరి కూర్చుంటుంది. తాను తిప్పదు, చుక్కను రానివ్వదు.

"ఏమీ అనుకోకండి, మీమీద నాకు ఏ మమకారమూ పుట్టడం లేదు," అంది పెళ్లికొడుకుతో.

"నాకూ అంతేనండీ. నేనూ మాత్ర వేసుకునే వచ్చా."

ఇద్దరూ పకపకా నవ్వారు. పెసరట్టులో అల్లం ఉండాలా వద్దా అని గంటసేపు పోట్లాడుకుని, ముహూర్తం పెట్టించమన్నారు.

అంతసేపూ అబ్బాయి తల్లీ నేనూ "వదినా, వదినా" అంటూ చేతులు పట్టుకునే ఉన్నాం. చుక్కల మహిమ దిగాక మెల్లగా వదిలేసి, ఒకరి పట్టుచీర ఒకరం మొదటిసారి పరీక్షగా చూసుకున్నాం.