పద్దెనిమిదో బిళ్ళ

“మీరే తిప్పండి,” అంది ఆవిడ, పడవలోంచి ఇసుక మీదికి ఒక కాలు పెడుతూ.

పడవ నడిపే సరంగు చెయ్యి చాచి, బోర్డు మీద ఆవిడ పదిహేడో నంబరు బిళ్ళని ఎర్రవైపుకి తిప్పాడు. తక్కిన ముప్ఫై మందీ ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకుని నవ్వుకుంటూ దిగిపోయారు. పెద్ద ఓడ లోతు నీళ్ళలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి దీవుల దగ్గరికి జనాన్ని చేర్చేది ఈ చిన్న పడవే. దిగేటప్పుడు ఎరుపు, తిరిగొచ్చి ఎక్కాక తెలుపు. బిళ్ళలన్నీ తెల్లబడితే పడవ కదులుతుంది. పసిపిల్లలకైనా ఒక్కసారి చెబితే చాలు.

ఆవిడకి తెలియక కాదు. ఆరేళ్ళుగా ఏటా ఇదే ఓడ, ఇవే మూడు దీవులు, ఇదే మాట.

“నీ మీద నమ్మకం లేదు బావా ఆవిడకి,” అన్నాడు ఇంజను చూసుకునే బావమరిది, చేతులకంటిన నూనె తుడుచుకుంటూ. “తన బిళ్ళ నీచేతే తిప్పించి కళ్ళారా చూసుకుంటోంది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆ మాత్రం కడుపుమంట ఉండదా?”

“ఉంటుందిరా. ఉండాలి కూడా.”

“అక్క ఏం చెప్పి పంపిందో గుర్తుందా? ఇదే నీ ఆఖరి ట్రిప్పు. ఈసారి కూడా నోరు మూసుకుని తిరిగొస్తే గుమ్మంలోకి రానివ్వదు.”

గుర్తులేకేం. బయలుదేరే రోజు భార్య అతని చొక్కా గుండీ పెడుతూ చెప్పింది: “ఆవిడ కాళ్ళ మీద పడైనా క్షమించమని అడుగు. తిన్నది నీ ఒంటికి పట్టక ఎన్నేళ్ళయిందో తెలుసా? ఆ బరువు మాత్రం ఇంటికి తేకు.”

ఏడేళ్ళ కిందట ఆవిడ భర్తతో కలిసి వచ్చింది. ఆయనది నవ్వు ముఖం. కళ్ళజోడు, తువ్వాలు, టోపీ, ఏది కావలసినా “ఏమోయ్” అని ఒక్క కేక పెట్టేవాడు. ఆవిడ విసుక్కుంటూనే అన్నీ చేతికందించేది. ఆ జంటని చూసి సరంగు ముచ్చటపడ్డాడు కూడా. మూడో దీవి దగ్గర మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఈతకి దిగినవాళ్ళంతా తోసుకుంటూ పడవెక్కారు. సరంగు బోర్డు చూశాడు. అంతా తెలుపే. మనుషుల్ని లెక్కపెట్టాలన్న ఆలోచనే రాలేదు, పడవ తీశాడు.

సగం దూరం వచ్చాక “మా ఆయనేరీ?” అని ఆవిడ పెట్టిన కేక ఇప్పటికీ అతని చెవుల్లోంచి పోలేదు. పడవ వెనక్కి తిప్పారు. పగడపు దిబ్బ పక్కన మనిషి దొరికాడు గానీ ప్రాణం దొరకలేదు.

ఆయన పడవెక్కి, బిళ్ళ తిప్పి, ఏదో మరిచిపోయి ఎవరూ చూడకుండా మళ్ళీ నీళ్ళలోకి దిగి ఉంటాడని విచారణలో తేల్చారు. సరంగుని మూడు నెలలు పనిలోంచి ఆపి, మళ్ళీ తీసుకున్నారు. కంపెనీ వాళ్ళు మరిచిపోయారు. అతను మరిచిపోలేదు. అప్పట్నుంచి బోర్డు ఎలా ఉన్నా తలలు మూడుసార్లు లెక్కపెడతాడు. జనం విసుక్కున్నా, బావమరిది వెక్కిరించినా సరే. ఆయనదైన పద్దెనిమిదో బిళ్ళ మాత్రం ఇంకెవరికీ ఇవ్వలేదు. దాని మేకు ఖాళీగానే ఉంది.

రెండో దీవి దగ్గర ధైర్యం కూడదీసుకున్నాడు.

“ఎండ మండిపోతోందమ్మా. గొడుగు ఇమ్మంటారా?”

“వద్దు సరంగు గారూ,” అని ఆవిడ ఆగింది. “మీతో ఒక మాట...”

తిట్టబోతోందనుకున్నాడు అతను. ఇంతలో ఎవరో ఫొటో తీయమని మధ్యలో దూరారు. ఆవిడ తల దించుకుని పక్కకి తప్పుకుంది. తిట్టు తప్పిందని ఊపిరి పీల్చుకున్నందుకు ఆ రోజంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడో దీవి వచ్చింది. జనం నీళ్ళలో పడ్డారు. ఆవిడ ఎప్పటిలాగే పడవకి దగ్గరలో, ఇసుకలో కూర్చుంది. బావమరిది మోచేత్తో పొడిచాడు. సరంగు వెళ్ళి ఆవిడ ఎదుట మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“అమ్మా, వచ్చే ఏడు నేనుండను. ఇదే నా ఆఖరి ట్రిప్పు.”

ఆవిడ ఉలిక్కిపడింది. “ఉండరా?”

“ఉండను. అందుకే ఇవాళ చెప్పేస్తాను. తప్పు నాదేనమ్మా. బోర్డు చూశాను గానీ మనుషుల్ని చూడలేదు. తిట్టండి, పడతాను. చెయ్యి చేసుకున్నా సరే. క్షమించానని ఒక్కమాట అనండి చాలు.” అతని కన్నీళ్ళు ధారలు కట్టాయి.

ఆవిడ అతని భుజం పట్టుకుంది.

“లే తమ్ముడూ, లే. నేను నీ మీద పగతో వస్తున్నాననుకున్నావా?”

“మరెందుకమ్మా?”

“నీకు చెప్పుకోవాలనే. ప్రతి ఏడూ చెబుదామనే వస్తాను. నీ మొహం చూశాక నోరు పెగలదు. ఆనాడు విచారణలో అడిగితే నాకేమీ తెలియదన్నాను. భయం. పిల్లలు ఏమంటారోనని భయం. నిందంతా నీ నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను.”

“ఏమిటమ్మా మీరనేది?”

“ఆయన వెనక ఎక్కడో కూర్చుని ఎవరితోనో కబుర్లాడుతున్నాడనుకున్నాను...” ఆవిడ రెండు చేతులూ జోడించింది.

“ఆయన బిళ్ళ తిప్పింది నేనే.”