తలల లెక్క

“వలలు లాక్కునే అప్పన్న కంటే నా సభకి జనం కాస్త ఎక్కువేటే? కాస్తేటి?” అన్నాడు తారకేశ్వరరావు. ఆ తేడా తక్కువ కావడానికి కారణం మేనకోడలే అన్నట్టు దీప్తి ల్యాప్‌టాప్ మీదికి ఉరిమి చూశాడు.

పార్టీ మండల అధ్యక్ష పదవికి ఇద్దరు పోటీ పడ్డారు. కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న తారకేశ్వరరావు ఒకరు, సముద్రం ఒడ్డున వేటకెళ్ళే అప్పన్న ఇంకొకరు. ఇద్దరినీ ఒకేరోజు చెరో సభ పెట్టమని, పైనుంచి డ్రోన్‌తో ఫొటో తీయించి కంప్యూటర్ చేత తలలు లెక్కపెట్టిస్తామని విజయవాడ నుంచి వచ్చిన పరిశీలకుడు తేల్చేశాడు. లెక్కపెట్టే పని టెక్కలిలో ఇంజినీరింగు చదువుతున్న దీప్తికి అప్పజెప్పారు. చదువుకున్న పిల్ల, అన్యాయం చెయ్యదులే అని అప్పన్న ఒప్పుకున్నాడు. అంత అమాయకుడికి పదవెందుకని తారకేశ్వరరావు ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు.

తన తెలివి మీద ఆయనకి మహా నమ్మకం. పైనుంచి జనం కనబడాలని పూండిలో పెట్టిన తన సభకి షామియానా పీకించేశాడు. మైదానమంతా నిండినట్టుండాలని కుర్చీలు దూరదూరంగా వేయించాడు. పార్టీ ఇచ్చిన తెల్లటోపీలు పెట్టుకుని జనం ఎండలో మాడుతుంటే, తను మాత్రం వేదిక మీద కూలర్ పక్కన కూర్చున్నాడు. అప్పన్న మనుషులకి కుర్చీలూ లేవు, కూలరూ లేదు. అవే టోపీలు పెట్టుకుని, వల లాగేటప్పుడు నిలబడ్డట్టే ఇసకలో ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని నిలబడ్డారు.

“మొత్తానికి మనదే ఎక్కువ కదా మావయ్యా. ఇలాగే ఇచ్చేద్దాం,” అంది దీప్తి.

ఆయనకది చాలలేదు. అప్పన్న మళ్ళీ తల ఎత్తకూడదు. ఫొటోలో ఏదైనా మాయ చెయ్యడానికి ఉందా అని గుచ్చిగుచ్చి అడిగాడు. ఆ పిల్ల నోరు జారింది. కాలేజీలో ఈమధ్యే రెండు పద్ధతులు నేర్పారంది. ఫొటోలో టోపీలు నల్ల తెర మీద తెల్ల మచ్చలవుతాయి, మచ్చకో తల చొప్పున లెక్క. ఎరోజన్ అనేది మన సముద్రం ఒడ్డును కోసినట్టు ప్రతి మచ్చనీ చుట్టూ అంచుల్లో కోసేస్తుంది. డైలేషన్ దానికి తిరగేసిన పని, నానబెట్టిన జీడిపప్పులా మచ్చని ఉబ్బిస్తుంది.

తారకేశ్వరరావు కళ్ళు మెరిశాయి. “అయితే ఇంకేటి సూత్తన్నావు? ఆడి జనాన్ని కొయ్యి. మన జనాన్ని ఉబ్బించు.”

“మావయ్యా, అవి ఒకదానికొకటి అంటుకుంటే...”

“నాకు పాఠం సెప్పకు. మీ కాలేజీ పుట్టకముందు నుంచి రాజకీయం సేత్తన్నాను. సెప్పింది సెయ్యి.”

దీప్తి ఒక నిట్టూర్పు విడిచి మీట నొక్కింది. అప్పన్న ఫొటోలో మచ్చలు చిక్కిపోయాయి. అప్పటిదాకా ముద్దలా ఉన్న గుంపులో సందులు కనబడ్డాయి. ఇంకా కోసేస్తే జనం మాయమైపోతారని ఆ పిల్ల అంటే, వద్దు, మరీ మాయమైతే అనుమానం వస్తుందని ఆయనే ఆపాడు. ఎక్కడ ఆపాలో తెలియడమే రాజకీయం అని మేనకోడలికి సుద్దులు కూడా చెప్పాడు.

తన ఫొటో దగ్గర మాత్రం ఆయనకి ఎక్కడ ఆపాలో తెలియలేదు. మచ్చలు ఉబ్బాయి. ఇంకోసారన్నాడు. ఇంకా ఉబ్బాయి. మళ్ళీ అన్నాడు. కుర్చీల మధ్య ఖాళీ అంటూ లేకుండా మైదానమంతా తెల్లగా పరుచుకున్నాక గానీ ఆయన కడుపు నిండలేదు. జనం అంటే ఇదీ అని మీసం దువ్వుకుని భోజనానికి లేచాడు.

మర్నాడు పార్టీ ఆఫీసు కిటకిటలాడింది. తారకేశ్వరరావు ముందుగానే లేచి, మనిషికి పక్షపాతం ఉంటుంది గానీ యంత్రానికి ఉండదనీ, తెర మీద ఏ అంకె వస్తే అదే ఆఖరి మాట అనీ, కాదన్నవాడు పార్టీ ద్రోహి అనీ ప్రకటించాడు. అందరిచేతా అవుననిపించాడు. అప్పన్న చేత రెండుసార్లు అనిపించాడు.

ముందు అప్పన్న లెక్క వచ్చింది. నిన్నటికి మూడింతలుంది. ఒడ్డువాళ్ళు ఈలలు వేశారు. తారకేశ్వరరావు మొహం మాడ్చుకుని దీప్తి చెవి దగ్గరికి వంగాడు.

“కొయ్యమన్నాను గదే. పెరిగిందేటి?”

“నిన్న అంటుకుని ఉన్నోళ్ళు కదా మావయ్యా. ముగ్గుర్నీ నలుగుర్నీ కలిపి ఒక్కరని లెక్కేసింది. అంచులు కోసీసరికి ఎవరికి ఆళ్ళు ఇడిపోయారు. అదే సెప్పబోయాను.”

ఆయన బుర్రకి అది ఎక్కలేదు. కోస్తేనే ఇంత పెరిగితే, ఉబ్బించింది ఇంకెంత పెరగాలి అనుకున్నాడు. దర్జాగా కుర్చీలో వెనక్కి వాలి, దండ సిద్ధం చెయ్యమని పక్కవాడికి సైగ చేశాడు.

దీప్తి తల దించుకుని రెండో ఫొటో ఎక్కించింది. తెర మీద అంకె పడింది.

పరిశీలకుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తర్వాత తారకేశ్వరరావుని చాలా మర్యాదగా అడిగాడు.

“ఒకటి అని వచ్చిందండీ. ఆ ఒక్కరూ మీరేనా?”