ఏడున్నర అడుగుల తొట్టి

రబ్బరు చెప్పులు కింద విడిచి, ఆ పెద్దాయన షోరూంలో ఉన్న కొత్త పికప్ బండి వెనక తొట్టిలోకి ఎక్కాడు.

ఎక్కి ఊరుకోలేదు. వెల్లకిలా పడుకున్నాడు.

"పెద్దనాన్నా, అది మంచం కాదు! దిగండి, దిగండి!" అంటూ వీరయుత్ పరిగెత్తుకొచ్చాడు.

రొయెట్ పట్టణంలో బండ్లు అమ్మడంలో వీరయుత్‌ని మించినవాడు లేడు. ఈ సాయంత్రంలోగా ఇంకొక్క నాలుగు తలుపుల బండి అమ్మితే చాలు, కంపెనీవాళ్లు అతన్ని బహుమతిగా జపాన్ తీసుకెళతారు.

పెద్దాయన తీరిగ్గా లేచి కూర్చున్నాడు.

"కాళ్లు బార్లా చాపినా తగలడం లేదు. ఇదే కావాలి."

"ఇదా? ఇది రెండు తలుపులది. ముందు ఇద్దరే పడతారు. ఇటు రండి, నాలుగు తలుపులది చూడండి. ఐదుగురు దర్జాగా కూర్చోవచ్చు. వెనకవాళ్లకి కూడా చల్లగాలి."

పెద్దాయన లోపలికి తొంగి చూడనైనా లేదు. వెనక్కి వెళ్లి తొట్టిని జానలతో కొలిచాడు.

"ఇది ఐదడుగులే. అదైతే ఏడున్నర."

"క్యాబిన్ పెరిగితే తొట్టి తగ్గదా మరి? ఇంతకీ ఏం మోస్తారు? వడ్ల బస్తాలా, పందులా?"

"మనుషుల్ని."

"అయితే ఇంకేం! మనుషులకి కావలసింది సీట్లే కదా."

"వాళ్లు కూర్చోరు."

"ఓహో, తాగుబోతుల బేరమా?"

లెక్కల బల్ల దగ్గరున్న అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

"కొందరు తాగినవాళ్లే," అన్నాడు పెద్దాయన, నవ్వకుండా.

"అయితే మోకాళ్లు ముడుచుకుని పడుకోమనండి. కొంపలేం మునగవు."

పెద్దాయన ముఖం ఎర్రబడింది.

"బతికినంతకాలం ముడుచుకునే బతికారు వాళ్లు. రేకుల గదుల్లో ఒక్కోదాంట్లో ఎనిమిదిమంది. నా బండిలో కూడా ముడుచుకోవలసిన ఖర్మ వాళ్లకి లేదు."

వీరయుత్‌కి ఒళ్లు మండింది. అందరి ముందూ ఓ పల్లెటూరి ముసలాయన తనకి పాఠం చెప్పడమా! అయినా జపాన్ గుర్తొచ్చి గొంతు మెత్తబరిచాడు.

"అసలు సంగతేంటంటే పెద్దనాన్నా, ఆ రెండు తలుపులది పొద్దున్నే ఎవరో మాట్లాడుకుపోయారు. ఇంకోటి రావాలంటే నాలుగు నెలలు. నాలుగు తలుపులదైతే ఇప్పుడే తాళాలు చేతిలో పెడతా."

పచ్చి అబద్ధం. ఆ బండిని అడిగినవాడే లేడు.

పెద్దాయన అతని కళ్లలోకి సూటిగా చూశాడు. అబద్ధాన్ని పట్టేశాడు.

"వద్దులే."

"బయట మీ బండి చూశాను. తొట్టి అడుగు తుప్పుపట్టి రాలిపోతోంది. ఇంకో ప్రయాణానికి కూడా ఆగదు. ఎందుకండీ ఈ మొండిపట్టు?"

"మొండిపట్టే! రేపు అంత దూరం రయోంగ్ వెళ్లాలి, వెళ్తాను. అడుగున చెక్కలు కొట్టుకుని వెళ్తాను. అవీ విరిగితే మళ్లీ కొట్టుకుంటాను. నువ్వు అమ్ముకోవాలనుకున్నది కొనడానికి నేను రాలేదు."

చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి నడిచాడు. వచ్చినవాళ్లు వివరాలు రాయాల్సిన కాగితం మీద పేరు కూడా రాయలేదు. వీరయుత్ దాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పారేశాడు.

అంతలో గేటు దగ్గర కాల్చిన కోడి అమ్ముకునే అతని తల్లి లమ్యాయ్ ఆయాసపడుతూ లోపలికొచ్చింది.

"ఒరేయ్, ఇప్పుడు వెళ్లినాయన పేరేంటి? ఊరేది?"

"ఎవడో మొండి ముసలాడు. పేరెవరిక్కావాలి?"

"అయ్యో, అడగలేదా? నేను కేకేసేలోపే బండి కదిలిపోయింది. ఆ రోజూ అంతే, పేరు చెప్పలేదు. రెండు ముద్దలు తిని వెళ్లమన్నా ఆగలేదు."

"ఏ రోజమ్మా?"

లమ్యాయ్ రోడ్డు వైపు చూసింది. పాత బండి అప్పటికే లారీల మధ్య కలిసిపోయింది. అటువైపే రెండు చేతులూ జోడించింది.

"రయోంగ్‌లో కడుతున్న భవనం మీంచి పడి చనిపోయిన మీ నాన్నని ఏ బండివాడూ ఎక్కించుకోనంటే, ఆయనే తన తొట్టిలో పడుకోబెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వంతెన వచ్చినప్పుడల్లా బండి ఆపి, 'తమ్ముడూ, ఏరు దాటుతున్నాం, వెనకబడిపోకు' అని మీ నాన్నకి చెప్తూ చెప్తూ ఇంటికి తీసుకొచ్చాడురా."