పాలిపోయిన పిల్ల

"ఆ పిల్లను పొడిచేలోపల ఆపు," అన్నది చిక్కమ్మ.

పరిమళ రిమోట్ నొక్కి దృశ్యాన్ని అక్కడే నిలిపింది. రక్తం తాగే పిశాచాలను వేటాడే అమ్మాయి కథ అది. చిన్నప్పుడు బొమ్మల సీరియల్‌గా వస్తుంటే ఒక్క రోజు కూడా వదలకుండా చూసింది. ఇప్పుడు దాన్నే మనుషులతో తీశారని, అంచెట్టి నుంచి హోసూరుకు వచ్చిన తల్లి చిక్కమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. తెర మీద నాయిక కత్తి ఎత్తి నిలబడింది. పాలిపోయిన ఒక పిల్లను ఇద్దరు కదలకుండా పట్టుకున్నారు.

"అది పిశాచమ్మా. బొమ్మల్లో కూడా చంపేస్తారు."

"బొమ్మ అయితే చూస్తా ఉంటిని. ఇది మన సరోజ మాదిరే ఉండాది."

సరోజ పరిమళకు అక్క. దెయ్యం పట్టి పదహారేళ్లకే పోయిందని ఇంట్లో చెప్పుకునేవారు.

"అక్కకు పట్టింది దెయ్యమే కదా?"

చిక్కమ్మ కొంగు నలుపుతూ కూర్చుంది. "ఒంట్లో రక్తం లేదు, ఎక్కించాల అని డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. మంత్రగాడిని పిలిపించి వేపమండలతో కొట్టించినాను."

పరిమళ తన అరచేతుల వైపు చూసుకుంది. ఆ రోజు అక్క చేతులు పట్టుకున్నది తనే. అప్పుడు తొమ్మిదేళ్లు. సీరియల్లో అమ్మాయిలాగే తనకూ ధైర్యం ఉందని మురిసిపోయింది.

"నీళ్లు తాగొస్తా, వదులు పాపా అని అడిగిందమ్మా. దెయ్యం మాట్లాడతా ఉందని ఇంకా గట్టిగా పట్టుకున్నాను."

"దెయ్యం కాదు పరిమళా," అన్నది చిక్కమ్మ. "సరోజే అడిగింది."