తంగేడు కేక

ఎండలు నిప్పులు చెరిగే ఆ కాలంలో తంగేడు కొమ్మ విరిస్తే చాలు, చెట్టు గాయం వాసన పసిగట్టే యంత్రపు పెట్టె ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అరిచేది.

"నువ్వు తలగుడ్డ కింద చల్లగా ఆకు పెట్టుకుంటే, ఈడ నా చెవులు చిల్లులు పడతాండాయి. చెట్టు ముట్టుకోవాకు!" అని పొద్దున సుంకమ్మే, గొర్రెలు తోలుకుపోతున్న మొగుడు లింగన్నను కసిరింది.

పొద్దు వాలినా మనిషి రాలేదు, ఫోను పలకలేదు. సుంకమ్మ కాలుగాలిన పిల్లిలా ఇంటికీ వాకిలికీ తిరిగింది.

"అరవ్వే, మాయదారిదానా!" అని పెట్టెను చరిచింది.

ఎంతసేపటికో, "వంక గట్టున తంగేడు విరిగింది!" అని పెట్టె కేకేసింది. సుంకమ్మ నీళ్లచెంబుతో పరుగెత్తింది.

వడదెబ్బకు సోలిపోయిన లింగన్న చేతిలో కొమ్మ ఉంది.

"తిట్టాకు మే. నిన్ను పిలిచేదానికే ఇరిచినా."

సుంకమ్మ మరో కొమ్మ ఫట్టున విరిచి, ఆకు దూసి అతని నెత్తిన కప్పింది.

"అరవనీ. ఊరంతా కదిలొస్తాది."