కళ్ళు మండిన పెళ్ళిచూపులు

మిరపకాయలు పట్టుకున్న చేత్తో వాసిం కళ్ళు తుడుచుకున్నాడు.

పెళ్ళిచూపులకొచ్చినవాడికి మిరపకాయలతో పనేంటి అంటారా? అదంతా సినిమా పిచ్చి.

సత్తెనపల్లి దగ్గర పెళ్ళికూతురి ఊళ్ళో మోటారుసైకిలు దిగేసరికి రోడ్డు పక్కన కల్లం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. జన్మజన్మల ప్రేమ సినిమాల్లో హీరో పూలు ఎగరేస్తాడు కదా! మనవాడు పూలు లేవని రెండు దోసిళ్ళ మిరపకాయలు ఎగరేసి, ఫోన్లో వీడియో తీసుకున్నాడు. ఎండకి చెమట పట్టింది. తుడుచుకున్నాడు.

"వామ్మో! చచ్చాను మామోయ్!"

మేనమామ సిలార్ బండికి స్టాండు వేసి వచ్చేలోపే కల్లంలోంచి ఒక ఆడగొంతు అరిచింది.

"నలపకండి! చెయ్యి దించండి! దించమంటే మిమ్మల్నే!"

అయినా చెయ్యి పైకి లేచింది. వేళ్ళ మీద కర్రతో ఒక్కటి పడింది. ఆ వెంటనే మొహం మీద చెంబెడు చన్నీళ్ళు పడ్డాయి.

"రెప్పలు కొట్టండి. ఇంకా కొట్టండి. ఏడుపొస్తే ఏడవండి, మంట తొందరగా పోతుంది."

"నేనేం ఏడవట్లేదు."

"మరా కారేదేంటి, బోరు నీళ్ళా?"

కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళంతా నవ్వారు. వాసింకీ నవ్వొచ్చింది. కళ్ళు మాత్రం తెరుచుకోలేదు. కూలికొచ్చిన పిల్ల కాబోలు, భలే గడుసుది అనుకున్నాడు.

"ఇంతకీ కాయలెందుకు ఎగరేశారు?"

సినిమా ఊసొస్తే వాసింకి మంట కూడా గుర్తుండదు.

"సినిమాలో హీరో మూడు జన్మలెత్తుతాడు. ఒకసారి రాజుగారి సైనికుడు, ఒకసారి తెల్లదొరల కాలంలో పోస్టుమాను, ఇప్పుడు సాఫ్ట్‌వేరు. ప్రతిసారీ ఆ అమ్మాయి కళ్ళు చూడగానే గుర్తుపట్టేస్తాడు. గంట మోగుతుంది, గాలి వీస్తుంది."

"ఆ అమ్మాయి ఏం పని చేస్తుంటుంది?"

"పనేంటి? అతని కోసం ఎదురుచూస్తుంటుంది."

"మూడు జన్మలూ ఖాళీగానేనా! పెట్టి పుట్టింది మహాతల్లి."

ఇంకో చెంబు పడింది.

"నేనూ అంతే," అన్నాడు వాసిం. "షఫీక్ గారమ్మాయి నగ్మాని చూడ్డానికొచ్చా. గంట మోగితేనే సరేనంటా."

"ఓహో, పెళ్ళికొడుకు మీరేనా! సాయిబుల పిల్లాడికి మూడు జన్మలు ఎక్కణ్ణించొస్తాయండీ? మనకున్నది ఒకటేగా."

వాసిం తల్లి జుబేదాదీ ఇదే గోల. గంట మోగలేదంటూ వాడు వచ్చిన సంబంధమల్లా తిరగ్గొడుతుంటే ఆమెకు విసుగెత్తిపోయింది. ఇదీ కాదంటే ఇక నీ పెళ్ళి ఊసెత్తనని పొద్దున పర్చూరులో బండెక్కేటప్పుడే తెగేసి చెప్పింది.

"ఆ నగ్మా ఎట్లా ఉంటుంది?" అనడిగాడు.

"మనిషిలాగే ఉంటుంది."

"కళ్ళో?"

"రెండూ ఉన్నాయి."

వాసిం పడీ పడీ నవ్వాడు.

"నీ నోటికో దణ్ణం! నిన్ను చేసుకునేవాడెవడో గానీ వాడి పని అయిపోయినట్టే."

"అది వాడు చూసుకుంటాళ్ళెండి," అంటూ మిగిలిన నీళ్ళు నెత్తిన గుమ్మరించి వెళ్ళిపోయింది.

సిలార్ మేనల్లుణ్ణి చెయ్యి పట్టుకుని, పక్కనే ఉన్న షఫీక్ గారింట్లోకి నడిపించుకుపోయాడు. చూపులకొచ్చి చూపు లేకుండా కూర్చున్న పెళ్ళికొడుకుని వాళ్ళు మటుకు ఎక్కడ చూసుంటారు! నవ్వాపుకోలేక చస్తున్నారు.

కాసేపటికి కళ్ళు సన్నగా తెరుచుకున్నాయి. అంతా మసగ్గా ఉంది. గాజుల చప్పుడైంది. టీ గ్లాసులతో ఒకామె వచ్చింది. ఫ్యాను గాలికి కొంగు ఎగిరింది. ఎక్కడో గంట మోగింది.

వాసిం లేచి నిలబడ్డాడు.

"మామా, గంట! ఈమే! వెయ్యేళ్ళ నించీ ఈమే!"

"అది మేక మెళ్ళో గంటరా," అన్నాడు సిలార్ పళ్ళు నూరుతూ. "ఈవిడ నజ్మీన్, పెద్దమ్మాయి. నీ పక్కన కూర్చున్నది వాళ్ళాయన."

వాళ్ళాయన టీ ఊదుకుంటూ, "కొత్తలో నాకూ మోగింది లెండి," అన్నాడు.

వాసిం సిగ్గుతో చచ్చిపోయాడు. తల దించుకుని కూర్చున్నాక గానీ వాడికి అసలు సంగతి తెలియలేదు. ఇందాకటి నుంచి చెవుల్లో మోగుతున్నది గంట కాదు, కల్లంలో పిల్ల గొంతు. అంత మంటలోనూ తనను నవ్వించింది. ఆ పిల్లను వదిలేసి ఇంటికి పోవాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు.

"అమ్మాయి ఇప్పుడే వస్తుంది, కూర్చోండి," అన్నారు షఫీక్ గారు.

"పిలవొద్దండీ," అన్నాడు వాసిం చేతులు జోడించి. "చూశాక కాదంటే ఆ అమ్మాయిని చిన్నబుచ్చినట్టవుతుంది. నా మనసు ఇంకొకరి మీద పడింది. మీ అమ్మాయిని నేను చేసుకోలేను."

సిలార్ నెత్తి కొట్టుకున్నాడు.

షఫీక్ గారు మాట తూలలేదు.

"పిడుగురాళ్ల వాళ్ళు నెల్నించీ అడుగుతున్నారు. మీ మీద గౌరవంతో ఆపాం. ఇక ఆపాల్సిన పన్లేదు."

అక్కడికక్కడే ఫోన్ చేసి వాళ్ళకి మాటిచ్చేశారు.

వాసిం అదేం పట్టించుకోలేదు. హమ్మయ్య అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి సినిమాతో పనిలేకుండా తనంతట తాను ఒక నిర్ణయం తీసుకున్నానని పొంగిపోయాడు. తడిచొక్కాతోనే కల్లంలోకి పరిగెత్తాడు.

కాయల రాశి దగ్గర ముసలి వెంకటరావమ్మ ఒక్కతే ఉంది.

"పెద్దమ్మా! ఇందాక నా కళ్ళు కడిగిన అమ్మాయి ఏది?"

వెంకటరావమ్మ బోసినోటితో నవ్వింది.

"ఎవరు, మా నగ్మానా? వచ్చినాయన నచ్చాడంట బాబూ, చీర కట్టుకోటానికి ఇప్పుడే దొడ్డిదారిన ఇంట్లోకి పోయింది."