బడి వదిలేలోపు

“బడి వదిలేలోపే తీసుకుపోవాల మేడమ్. పిల్లని ఇంటికి రానీకూడదు.”

కొల్నార నుంచి రాయగడ దాకా ఆటోలో ఆ మాటే వల్లెవేసుకుంటూ వచ్చింది లలితకుమారి. పిల్లల రక్షణ ఆఫీసులో గుమాస్తా మనోరంజన్ “టికే బొసొంతు” అంటూ ఒడియాలో కూర్చోమని బెంచీ చూపించాడు. మేడమ్ మీటింగులో ఉన్నారన్నాడు. ఆమె కూర్చోలేదు. మీటింగు అయ్యేదాకా వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది.

ఆఫీసరు జయంతిది గుణుపూర్ దగ్గర తెలుగువాళ్ళ పల్లె. తెలుగు మాట వినగానే ఆమె ముఖం మెత్తబడింది.

“ముందు మంచినీళ్ళు తాగమ్మా. పాప పేరేంటి?”

“లిప్సా. రెండో తరగతి.”

“ఏం జరిగింది?”

లలితకుమారి ఫోన్‌లో ఫొటో చూపించింది. చిన్న వీపు. దాని నిండా చారలు. పాతవి పసుపుపచ్చగా, కొత్తవి నల్లగా. జయంతి ఒకసారి చూసి ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది.

“బెల్టా?”

“సేతికి ఏది దొరికితే అది మేడమ్.”

“ఎప్పటిది?”

“నిన్న సాయంత్రం.”

“ఏం తప్పు చేసిందని?”

“ఒకసారి పాలు ఒలకబోసింది. ఇంకోసారి లెక్క తప్పింది. నిన్న ఏటీ సెయ్యలేదు. ఏటీ సెయ్యలేదు మేడమ్. గుమ్మంలో నిలబడి నవ్వింది. అంతే.”

జయంతి కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీసింది.

“మీ ఆయన ఏం చేస్తాడు?”

“రైల్వేలో. గూడ్సు బండ్లు నడుపుతారు. ఈశ్వరప్రసాద్ అంటారు.”

“తాగుతాడా?”

“తాగుడు అలవాటు లేదు.”

“తాగకుండానే ఇంత కోపమా!”

“కోపమొస్తే కళ్ళు కనపడవు మేడమ్. పిల్ల ఏడుపు కూడా ఇనపడదు. అంతా అయ్యేక దాని కాళ్ళు పట్టుకుని ఏడుపు. ఇంకెప్పుడూ కొట్టనని ఒట్లు. నాల్రోజులు పోయేక మళ్ళీ అదే.”

ఇలాంటి ఏడుపులూ ఒట్లూ జయంతికి కొత్త కాదు. వారానికి ఒక ఇంటి నుంచైనా వింటూనే ఉంటుంది.

“ఎందుకిలా అని ఎప్పుడైనా నిలదీశావా?”

“రోజూ అడుగుతాను మేడమ్. జవాబు దొరకదు.”

“పెద్దవాళ్ళకి చెప్పలేదా?”

“మా అమ్మకి ఫోన్ సేసేను. ‘పిల్లల్ని కొట్టకుండా ఎవులు పెంచేరే అమ్మీ? మేం మిమ్మల్ని కొట్టలేదేటి? మీరు పెరగలేదేటి?’ అంది. పక్కింటి రామలక్ష్మి నవ్వి ఊరుకుంది. పోలీసుల దగ్గరికీ ఎళ్ళేను. ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోమన్నారు.”

“పాప ఎవరికీ చెప్పుకోలేదా?”

“టీచరమ్మ అడిగితే మెట్ల మీంచి పడ్డానని సెప్పింది.”

“అలా చెప్పమని భయపెట్టాడా?”

“ఎవులూ సెప్పమన్లేదు మేడమ్.” కొంగుతో కళ్ళు ఒత్తుకుంది లలితకుమారి. “దానికి ఇంకా ప్రేమే.”

జయంతి కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఇప్పుడు చట్టం అలా లేదమ్మా. తమ చేతిలో ఉన్న పిల్లల్ని హింసిస్తే ఎవరికైనా జైలే. మూడేళ్ళ దాకా పడొచ్చు.”

“కన్నవాళ్ళకి కూడానా?”

“కన్నవాళ్ళకి కూడా.”

లలితకుమారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అంతలోనే మళ్ళీ కంగారుపడింది.

“ఆయన ఉద్యోగానికి ఏటీ అవదు కదా మేడమ్?”

“అదిగో, అప్పుడే మొదలెట్టావు!” జయంతి విసుక్కుంది. “అందరూ ఇంతే. పొద్దున్న కేసు పెడతారు. సాయంత్రం వచ్చి, వదిలెయ్యండి మేడమ్ అంటారు. రేపు నువ్వూ అలాగే వచ్చావంటే?”

“వస్తే నమ్మకండి. నేనొచ్చి ఎంత ఏడ్సినా సరే, పిల్లని ఇవ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

ఆ గొంతు విన్నాక జయంతి ఇంక ఏమీ అడగలేదు. బడికి ఫోన్ చేసింది. హెడ్మాస్టరు ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఆఫీసులోని ఇద్దరు ఆడమనుషుల్ని పిలిచి జీపెక్కమంది.

“నువ్వూ వెళ్ళమ్మా. నిన్ను చూస్తే పాప బెదరదు.”

“నేను రాను మేడమ్. నేనిక్కడే ఉంటాను.”

మొగుడంటే ఎంత భయమో పాపం, అనుకుంది జయంతి.

జీపు వెళ్ళిపోయింది. లలితకుమారి కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. మనోరంజన్ టీ తెచ్చి పెట్టాడు. అది అలాగే చల్లారిపోయింది. “గంట కొట్టేసుంటారు,” అని ఆమె తనలో తనే అనుకుంటోంది. “గేటు దాటేసుంటది. ఇంటికి పోతది. గుమ్మంలో కూకుని ఎదురు సూస్తది.”

ఫోన్ మోగింది. జయంతి ఎత్తి, విని, తల ఊపింది.

“గేటు దగ్గరే దొరికింది. మన జీపులోనే ఉంది. బిస్కెట్లు తింటోందట.”

లలితకుమారి అప్పుడు కూర్చుంది. కుర్చీలో కాదు, అక్కడే నేల మీద. ఏడుపు లేదు. రెండు చేతుల్నీ ఒడిలో బిగించి పట్టుకుంది. జయంతి లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఇంక భయం లేదు. డ్యూటీ దిగగానే మీ ఆయన్ని పోలీసులు రైల్వే స్టేషన్లోనే పట్టుకుంటారు. మా హోములో తల్లీబిడ్డలిద్దరికీ ఒకే గది ఇస్తాం. బయట కాపలా ఉంటుంది. ఈ రాత్రికి పాపని నీ పక్కనే పడుకోబెట్టుకో.”

లలితకుమారి దిగ్గున లేచింది.

“ఒకే గదిలో వద్దు మేడమ్!”

“ఏం?”

“ఆయన దాని మీద ఎప్పుడూ సెయ్యి ఎత్తలేదు. కొడతన్నది నేనే.”